ఇప్ప చెట్టు కింద నేల: మా కొండ తోటలో వసంతం

వీడియో మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ పక్కన పెట్టక్కర్లేదు. వింటూనే లేచి, మీ ఇంట్లో చీపురు ఎక్కడుందో చూడండి. ప్లాస్టిక్ చీపురు కాదు, కొబ్బరి ఈనెల చీపురూ కాదు. మెత్తగా కుచ్చులా ఉంటుందే, ఆ కొండ చీపురు. దాన్ని దగ్గరికి తెచ్చుకుని చూడండి. సన్నటి కొమ్మలు, వాటికి ఇంకా సన్నటి కొమ్మలు, వాటి చివర నూకల్లాంటి గింజలు. చూశారా?

అది పువ్వు. నిజంగానే పువ్వు. మా కొండల మీద మనిషి కంటే ఎత్తు పెరిగే ఒక గడ్డి ఉంది. ఆ గడ్డి చలికాలంలో కంకిలా పూస్తుంది. జనవరి నుంచి మార్చి లోపల దాన్ని కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తెస్తారు. అంటే మీరు రోజూ ఇల్లు ఊడ్చేది మా కొండ పూలతోనే అన్నమాట. ఈ చీపురు సంగతి గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇవాళ్టి టాపిక్ మా తోట, మా తోటలో వసంతం. మాది పాడేరు వైపు కొండల్లో ఒక చిన్న ఊరు. అరకు, పాడేరు అనగానే మీకు పసుపు పచ్చటి వలిసె పూల పొలాలు గుర్తొస్తాయి. అందరూ రీల్స్ చేసేది వాటిలోనే. కానీ వలిసె పూసేది చలికాలం మొదట్లో. జనవరి దాటాక మంచు తగ్గుతుంది, టూరిస్టులూ తగ్గుతారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా కొండలు ఎలా ఉంటాయో చూసినవాళ్లు తక్కువ. వచ్చినా, "ఏంటండీ, అంతా ఎండిపోయి ఉంది" అని వెళ్లిపోతారు.

ఎండిపోయినట్టు కనబడే ఆ కొండే ఇవాళ చూపిస్తాను. దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. దాన్ని ఇంతవరకు ఏ వీడియోలోనూ చెప్పలేదు.

ముందు తోట ఎలా ఉంటుందో చెప్తాను. తోట అనగానే గేటు, లాను, గులాబీ కుండీలు అనుకోకండి. మాది కొండవాలు మీద రెండెకరాలు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల పాదులు. వాటి నీడలో కాఫీ మొక్కలు. మధ్యమధ్యలో పనస, మామిడి, నారింజ. పక్కన ఒక గెడ్డ. తోట పైఅంచున ఒక పెద్ద బూరుగ చెట్టు. కింది అంచున రెండు ముసలి ఇప్ప చెట్లు. కంచె లేదు. అందుకే తోట ఎక్కడ అయిపోయిందో, అడవి ఎక్కడ మొదలైందో మనుషులమైన మాకు తెలుసు గానీ, ఉడుతకూ తేనెటీగకూ తెలియదు.

మన పుస్తకాల్లో వసంతం అంటే లేత చిగుళ్లు, మామిడి కొమ్మ మీద కోకిల. అది నిజమే. కానీ కొండ మీద వసంతం అలా మొదలవదు. ముందు ఆకు రాలుతుంది. ఫిబ్రవరిలో నడుస్తుంటే కాళ్ల కింద అప్పడాలు విరిగినట్టు చప్పుడు. నీళ్లు తక్కువైన కాలంలో ఆకులుంటే వాటిలోంచి నీరు ఆవిరైపోతుంది. అందుకే చాలా చెట్లు ఆకుల్ని వదిలేస్తాయి. వదిలేసి ఊరుకోవు, మోడుగా ఉన్నప్పుడే పూస్తాయి. ఆకుల అడ్డం లేదు కాబట్టి పువ్వు దూరానికి కనబడుతుంది. పిట్టకూ, గబ్బిలానికీ నేరుగా పువ్వు దగ్గరికి దారి దొరుకుతుంది.

మొదట బూరుగ. అరచేతంత ఎర్రటి పువ్వు, మందంగా, గిన్నెలా ఉంటుంది. ఆ గిన్నె అడుగున తేనె. నేను ఈ చెట్టు కింద తెల్లవారక ముందే వెళ్లి కూర్చుంటాను. వెలుగు రాగానే మొదలవుతుంది చూడండి, మా ఊరి సంతలో కూడా అంత గోల ఉండదు. గోరువంకలు, పికిలిపిట్టలు, కాకులు, నల్లటి ఏట్రింతలు. అప్పుడప్పుడు కొండ మైనా కూడా వస్తుంది. నల్లటి ఒళ్లు, పసుపు ముక్కు, తల పక్కన పసుపు చర్మం. ఈల వేస్తే మనిషి వేసినట్టే ఉంటుంది. పువ్వులో తల పెట్టి తీసేసరికి ప్రతి పిట్ట ముఖానికీ పసుపు రాసినట్టు పుప్పొడి అంటుకుని ఉంటుంది. అదే ముఖంతో పక్క చెట్టుకు వెళ్తుంది. చెట్టు ఇచ్చే కూలి తేనె, పిట్ట చేసే పని పుప్పొడి మోయడం.

ఆ చెట్టుకే ఎత్తైన కొమ్మ కింద, చాప వేలాడదీసినట్టు కొండ తేనెటీగల పట్టు ఉండేది. "ఉండేది" అంటున్నాను, గమనించండి.

తర్వాత మోదుగ. ఇది తోటలో కాదు, గెడ్డ దాటాక ఉన్న మెట్టలో ఉంటుంది. మార్చిలో దూరం నుంచి చూస్తే అక్కడ మంట లేచిందా అనిపిస్తుంది. హోలీకి రంగు తీసేది ఈ పూలతోనే అని తెలంగాణ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక పువ్వు చేతిలోకి తీసుకుంటే చిలక ముక్కులా వంగి ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు. పిట్టల కోసం పూసే పువ్వుకు వాసనతో పని లేదు, రంగు చాలు. తేనెపిట్ట వస్తుంది. అది మన బొటనవేలంత ఉంటుంది. మగది ఈ రోజుల్లో ఊదా, నీలం కలిసి లోహంలా మెరుస్తుంది. జత కట్టే కాలం అయిపోయాక ఆ మెరుపు పోయి మామూలుగా అయిపోతుంది. అందుకే దాన్ని అసలు రంగులో చూడాలంటే ఇప్పుడే చూడాలి.

చెట్ల మీద ఇంకొకరుంటారు, బెట్టుడుత. మన ఇళ్ల దగ్గర తిరిగే మూడు గీతల ఉడుత కాదు. తోకతో కలిపితే మూడడుగుల దాకా ఉంటుంది, ఒళ్లు ఎరుపు, గోధుమ రంగుల్లో. పుల్లలూ ఆకులూ కలిపి పెద్ద గూడు కడుతుంది, అది కూడా ఒకటి కాదు, రెండు మూడు. నేల మీదకు దాదాపు దిగదు. కొమ్మ నుంచి కొమ్మకే దాని రోడ్డు. మధ్యలో ఒక చెట్టు కొట్టేస్తే మనకు ఒక చెట్టు పోయినట్టు, దానికి మాత్రం బ్రిడ్జి కూలినట్టు.

ఇక ఇప్ప చెట్టు. అసలు కథ ఇక్కడుంది.

ఇప్ప పువ్వు మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. ఇది రాత్రి పువ్వు. కొమ్మల చివర గుత్తులుగా, మీగడ రంగులో, చిన్న తీపి ద్రాక్షల్లా ఉంటుంది. రాత్రిపూట పెద్ద గబ్బిలాలు వస్తాయి. అవి ఆ కండగల రేకుల్ని తినడానికి వస్తాయి, ఆ తినడంలోనే పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరుతుంది. తెల్లవారుజాము నుంచి టప్, టప్ అని పూలు రాలడం మొదలు. ఎండెక్కేదాకా రాలుతూనే ఉంటాయి.

ఇందులో నాకు చాలా నచ్చిన విషయం ఒకటుంది. రాలేది కేవలం తీపి రేకుల భాగం. కాయ అవ్వాల్సిన భాగం కొమ్మ మీదే ఉండిపోతుంది. అంటే నేల మీద పడిన పువ్వు ఎంత ఏరుకున్నా చెట్టుకు నష్టం లేదు. జూన్, జూలైకి అదే కొమ్మ మీద కాయ పండుతుంది, ఆ గింజ నుంచి ఇప్ప నూనె వస్తుంది. ఒకే చెట్టు మాకు రెండు పంటలిస్తుంది, కొమ్మ విరవకుండా, చెట్టు ఎక్కకుండా.

మా అమ్మమ్మతో కలిసి చీకటితోనే వెళ్లేవాణ్ణి. గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలి. ఎందుకంటే ఇప్ప పువ్వంటే ఎలుగుబంటికి మనకంటే ఇష్టం. మనం వస్తున్నామని దానికి ముందే తెలిస్తే అది పక్కకు తప్పుకుంటుంది. తెలియక ఎదురుపడితేనే ప్రమాదం. ఒంటరిగా, చప్పుడు చేయకుండా, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అడవిలోకి వెళ్లొద్దని మా ఊళ్లో పిల్లలకు అందుకే చెప్తారు.

ఇప్పుడు ఒక సమస్య. పువ్వు రాలేది నేల మీద. ఆ నేల మీద అప్పటికే మోకాలి దాకా కాకపోయినా చీలమండ దాకా ఎండుటాకులుంటాయి. ఆకుల మధ్య పువ్వు కనబడదు. చెయ్యి పెట్టి వెతకాలంటే తేలు ఉండొచ్చు, పాము ఉండొచ్చు. ఒక్కో గంప నిండేసరికి నడుం పడిపోతుంది. అందుకని ఏం చేస్తారంటే, పువ్వు రాలడం మొదలయ్యే ముందు చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. పది నిమిషాల్లో నేల నల్లగా, శుభ్రంగా అయిపోతుంది. ఆ నల్లటి నేల మీద తెల్లటి పువ్వు చక్కగా కనబడుతుంది.

దీన్ని విని "అయ్యో, ఎంత తెలివితక్కువ పని" అనకండి. నడుం నొప్పి తెలిసినవాళ్ల లెక్క అది. మా అమ్మమ్మ పెట్టింది, వాళ్లమ్మా పెట్టింది. కానీ వాళ్లు పెట్టేటప్పుడు చుట్టూ నాలుగడుగుల వెడల్పున ఊడ్చి, పచ్చి కొమ్మలు చేతిలో పట్టుకుని, గాలి లేని పొద్దున్నే పెట్టేవాళ్లు. ఆరేదాకా అక్కడే ఉండేవాళ్లు.

2016 మార్చిలో నాకు 15 ఏళ్లు. ఆ ఏడాది అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదు. "చెట్టు కింద శుభ్రం చేసిరారా" అని నన్ను పంపింది. నేను వెళ్లింది మధ్యాహ్నం, ఎండలో. చుట్టూ ఊడవలేదు. అగ్గిపుల్ల గీశాను. గీసి, మంట అంటుకోగానే పక్కన బండ మీద కూర్చుని ఫోన్ తీశాను. ఎవరో ఫ్రెండ్ పంపిన పాట డౌన్‌లోడ్ అవుతోంది. మాకు అప్పట్లో సిగ్నల్ ఆ బండ మీదే వచ్చేది.

గాలి మారింది. తల ఎత్తేసరికి మంట చెట్టు కింద లేదు, వాలు మీద పైకి పోతోంది. మంట ఎప్పుడూ వాలు ఎక్కేటప్పుడు వేగంగా పోతుంది, ఎందుకంటే దాని వేడి ముందున్న ఆకుల్ని ముందే ఎండగడుతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. చొక్కా విప్పి కొట్టాను. అరిచాను. నాన్న, పక్కింటి మామ, ఇంకో నలుగురు పరిగెత్తుకొచ్చి పచ్చి కొమ్మలతో కొట్టి ఆపేసరికి తోటలోకి వచ్చేసింది. సిల్వర్ ఓక్ ఎండుటాకు కాగితంలా కాలుతుంది. కింది నాలుగు వరసల కాఫీ మాడిపోయింది.

నాన్న నన్ను కొట్టలేదు. తిట్టలేదు కూడా. అదే ఎక్కువ బాధ.

పొగ పైకి, బూరుగ చెట్టు దాకా పోయింది. రెండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే పట్టు ఖాళీ. తేనెటీగలు వెళ్లిపోయాయి. ఆ వేలాడే చాప ఇప్పుడు ఉత్త మైనం, గాలికి ఊగుతోంది.

అప్పటికి నాకు నష్టం అంటే ఆ నాలుగు వరసలే అనుకున్నాను. అసలు లెక్క ఆ తర్వాత తెలిసింది. దానికి ముందు మీకు కాఫీ పువ్వు గురించి చెప్పాలి.

కాఫీ మొక్క చలికాలం చివరికే మొగ్గ వేసుకుంటుంది. కానీ పూయదు. ఆకుల మొదళ్లలో చిన్న ఆకుపచ్చ పుల్లల్లా మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. వాటికి కొన్ని వారాల పొడి వాతావరణం కావాలి, ఆ తర్వాత ఒక వాన కావాలి. తుంపర సరిపోదు, నేల తడిసే వాన, సుమారు ఒక అంగుళం. ఆ వాన పడిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటే ఎనిమిది నుంచి పది రోజుల్లో, ఒక పొద్దున, తోట మొత్తం ఒకేసారి తెల్లగా విచ్చుకుంటుంది. నిన్న ఆకుపచ్చ, ఇవాళ కొమ్మల నిండా తెలుపు. వాసన అచ్చం మల్లెపూల వాసన. ఊళ్లోకి వస్తుంది, ఇంట్లోకి వస్తుంది, ఆరేసిన బట్టల్లోకి వస్తుంది. రెండు మూడు రోజులే. తర్వాత పువ్వు గోధుమ రంగులోకి మారి రాలిపోతుంది. పంట చేతికి రావడానికి నవంబరు దాకా ఆగాలి. కానీ ఆ పంట ఎంత అనేది చాలావరకు ఈ రెండు మూడు రోజుల్లోనే తేలిపోతుంది. పూసిన రోజే గట్టి వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. ఆ రోజుల్లో మా ఊళ్లో అందరూ మాట్లాడుతూ మాట్లాడుతూ మబ్బు వైపు చూస్తూ ఉంటారు.

మేం వేసేది అరబికా. దానికి ఇంకో పువ్వు పుప్పొడి అవసరం లేదు, తన పుప్పొడితో తనే కాయగలదు. అందుకే చాలాకాలం దీనికి తేనెటీగలతో పని లేదనుకున్నారు. డేవిడ్ రూబిక్ అనే శాస్త్రవేత్త పనామా దేశంలో పరిశీలించి 2002లో 'నేచర్' పత్రికలో రాశాడు. తేనెటీగలు తిరిగితే అరబికా కాపు 50 శాతానికి పైగా పెరగగలదని తేలింది. నేను ఇది చదివింది డిగ్రీలో, చాలా తర్వాత. కానీ మా నాన్నకు చదవకుండానే తెలుసు. ఆయన పూత రోజున తోట మధ్యలో నిలబడి కళ్లు మూసుకుని వింటాడు. చూడడు, వింటాడు. పూత బాగా ఉన్న రోజు తోట మొత్తం దూరంగా ఎక్కడో మోటారు నడుస్తున్నట్టు 'జుమ్మ్' అంటుంది.

ఆ ఏడాది మార్చి చివర్లో మంచి వాన పడింది. తొమ్మిదో రోజు తోట విచ్చుకుంది. కింది నాలుగు వరసలు తప్ప. నాన్న మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. నేను గట్టు మీద ఉన్నాను. చాలాసేపు నిలబడి, కళ్లు తెరిచి, "ఈ ఏడు సద్దు నేదురా" అన్నాడు. అంతే. పూలున్నాయి, వాసన ఉంది. ఆ చప్పుడు లేదు. ఎక్కడో పుట్టలో, చెట్టు తొర్రలో ఉండే చిన్న తేనెటీగలు కొన్ని తిరుగుతున్నాయి. బూరుగ చెట్టు మీది ఆ పెద్ద గుంపు మాత్రం లేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ దగ్గర కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "ఇప్ప చెట్టుకేం కాలేదులే అమ్మమ్మా, బానే ఉంది" అన్నాను. అమ్మమ్మ మంచం మీంచే అడిగింది. "సెట్టు బానే ఉంది. దాని పిల్లేదిరా? నేలకేసి ఎప్పుడైనా సూసావా?"

మర్నాడు వెళ్లి చూశాను. రెండు పెద్ద చెట్లు. ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా అందని మొదళ్లు. వాటి కింద, చుట్టుపక్కల, ఎక్కడా ఒక్క చిన్న ఇప్ప మొక్క లేదు. మోకాలంత లేదు, నడుమంత లేదు, మనిషంత లేదు. అప్పుడు ఊరి చుట్టూ తిరిగి చూశాను. ఏ ఇప్ప చెట్టు కింద చూసినా అంతే. అన్నీ ముసలి చెట్లే.

ఎందుకో ఆలోచిస్తే చాలా సింపుల్. ఇప్ప గింజ జూన్, జూలైలో రాలుతుంది. ఆ గింజ ఎక్కువకాలం నిల్వ ఉండదు, వానలకు వెంటనే మొలవాలి. మొలుస్తుంది, అక్టోబరుకు నాలుగాకులు వేస్తుంది, చలికాలం తట్టుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి వస్తుంది. మనం అగ్గిపుల్ల గీస్తాం. ప్రతి ఏటా పుట్టిన పిల్లలు ప్రతి ఏటా మార్చిలో పోతున్నాయి. పెద్ద చెట్టుకు మందమైన బెరడు ఉంది కాబట్టి దానికేం కాదు. అది పూస్తూనే ఉంటుంది, మనం ఏరుకుంటూనే ఉంటాం, అంతా బాగుందనే అనుకుంటాం. ఆ ముసలి చెట్టు పడిపోయిన రోజు తెలుస్తుంది, వెనకాల ఎవరూ లేరని.

అమ్మమ్మకు అది తెలుసా అని అడిగాను. "తెలుసు. తెలిసీ పెట్టినాం. పొద్దు గడవాల గదా" అంది. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు. పువ్వు కనబడగానే ఫోన్ పైకి ఎత్తేముందు కిందకు చూస్తాను. ఆ ఎండుటాకుల్లో ఏముంటాయో తెలుసా? అడవికోడి ఈ రోజుల్లోనే పొదల కింద నేల మీద గుడ్లు పెడుతుంది. నైట్‌జార్ అనే రాత్రి పిట్టయితే గూడే కట్టదు, ఎండుటాకుల మధ్యే గుడ్లు పెట్టి, తనే ఎండుటాకులా కూర్చుంటుంది. రెండడుగుల దూరంలో ఉన్నా కనబడదు. ఆ ఆకుల కింద నలికండ్ల పాములు, చెదలు, జెర్రులు, వాటిని తినే పిట్టలు. ఇంకా కింద మట్టిలో అడవి పసుపు దుంపలు. వేసవి వాన పడగానే ఆకులు సరిగా రాకముందే గులాబీ రంగు పూలకంకి నేలలోంచి నేరుగా లేస్తుంది. వసంతంలో సగం చెట్టు మీద ఉంటే, సగం చెట్టు కింద ఉంది. పై సగానికి లైకులు వస్తాయి. కింది సగానికి నిప్పు వస్తుంది.

సరే, మరి ఏం చేశాం? మాటలు చెప్పడం సులువు, పువ్వు ఏరాలిగా.

మాడిన కాఫీ మొక్కల్ని నాన్న అడుగు ఎత్తులో కోసేశాడు. మొదలు బతికే ఉంది, కొత్త చిగుళ్లు వచ్చాయి. మళ్లీ కాపుకు రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్ల కాపు నా లెక్కలో రాసుకున్నాను.

ఇప్ప చెట్టు కింద నిప్పు మానేశాం. దాని బదులు ఫిబ్రవరి చివర్లో నేను, చెల్లి ఆకులు ఊడ్చి కాఫీ మొక్కల మొదళ్లకు వేస్తాం. అవి అక్కడ తేమను కాపాడతాయి, కుళ్లి ఎరువవుతాయి. ఒక చెట్టుకు ఒక పూట పని. తర్వాత పాత చీరలు నాలుగైదు కలిపి కుట్టి కింద పరుస్తాం. పువ్వు దాని మీదే రాలుతుంది. మట్టి అంటదు, బూడిద అంటదు, కాబట్టి ఎండబెడితే రంగు బాగుంటుంది. అమ్మమ్మకు వంగే పని సగం తప్పింది. చీర నాలుగు కొసలూ ఎత్తితే పూలన్నీ ఒక దగ్గరికి వచ్చేస్తాయి. మొదట ఊళ్లో నవ్వారు. ఇప్పుడు మా ఊళ్లో ఇంకో ఆరు ఇళ్లవాళ్లు చీరలు పరుస్తున్నారు. అందరూ కాదు. చెట్లు దూరంగా, ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊడ్చే ఓపిక లేదు, వాళ్లను నేను తప్పుపట్టను. కనీసం చుట్టూ ఊడ్చి, పొద్దున్నే, ఆరేదాకా ఉండి పెట్టమంటున్నాను. ఫోన్ చూస్తూ కాదు. ఈ మాట చెప్పే అర్హత మా ఊళ్లో నాకే ఎక్కువ ఉంది.

ఊడ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఇప్ప మొలకలు కనబడితే వాటి చుట్టూ రాళ్లు పేరుస్తాం, చీపురు తగలకుండా, మేక నోరు పెట్టకుండా. ఇప్పటికి పదకొండు నిలబడ్డాయి. అన్నిటికంటే పెద్దది నా భుజం దాకా వచ్చింది. ఇప్ప నిదానంగా పెరుగుతుంది, అది పూయడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అమ్మమ్మ ఆ మొక్క దగ్గరికి వెళ్లినప్పుడల్లా కర్రతో దాని ఎత్తు కొలిచి, "నాకంటే పొడుగైపోనాది" అని నవ్వుతుంది.

తేనెటీగల సంగతి అడుగుతారు కదా. వచ్చాయి. వెంటనే కాదు. కొండ తేనెటీగలు కాలాన్ని బట్టి చోట్లు మారుస్తాయి, నచ్చిన చెట్టుకు మళ్లీ వస్తాయి. రెండేళ్లు ఆ కొమ్మ ఖాళీ. మూడో ఏడు జనవరిలో ఒక చిన్న పట్టు. ఈ ఏడాది మూడు. పోయిన వారం కాఫీ పూసింది. ఆ చప్పుడు రికార్డు చేశాను. ఈ వీడియో మొదట్లో పాట లేకుండా పది సెకన్లు 'జుమ్మ్' అని వినిపించింది కదా, చాలామంది మైక్ పాడైందనుకుని ఉంటారు. అది మైక్ కాదు. అది మా తోట.

ఇప్పుడు మీకు. మీరు కొండ మీద ఉండకపోవచ్చు. విజయవాడలో, కరీంనగర్‌లో, హైదరాబాద్ హాస్టల్లో ఉండొచ్చు. అక్కడా వసంతం ఉంది. ఉగాది పచ్చట్లో వేసిన వేప పువ్వు ఏ చెట్టుదో చూశారా? వీధి పక్కన కానుగ చెట్టు ఏప్రిల్లో పూస్తుంది, కింద నేలంతా మరమరాలు పోసినట్టు ఉంటుంది. కాసేపు నిలబడితే పైన తేనెటీగలు వినిపిస్తాయి. రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. మీ ఇంట్లో నిమ్మ మొక్కో కరివేపాకో ఉంటే ఆకు మీద పిట్ట రెట్టలా ఏదైనా కనబడిందా? తుడిచేయకండి. అది సీతాకోకచిలుక గొంగళి కావచ్చు. పిట్టలు తినకుండా రెట్టలా వేషం వేస్తుంది. నాలుగాకులు తింటుంది, తిననివ్వండి. కొన్ని రోజుల్లో పచ్చగా మారుతుంది, తర్వాత గూడు కట్టుకుంటుంది. రోజుకో ఫొటో తీయండి. అంతకంటే మంచి సిరీస్ ఏ ఓటీటీలోనూ రాదు.

ఫోన్‌తో అడవికి వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. గూడు కనబడితే లొకేషన్ పెట్టకండి, ఫొటో చాలు. రాత్రిపూట పిట్టల మీద ఫ్లాష్ కొట్టకండి. కోకిల కూత ఫోన్‌లో ప్లే చేసి దాన్ని రెచ్చగొట్టకండి. మగ కోకిల అది నిజంగా ఇంకో మగది అనుకుని తిండి మానేసి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఎండుటాకుల మీద సిగరెట్ పడేయకండి. మార్చిలో మా కొండ మొత్తం ఒక అగ్గిపెట్టె.

ఇప్పుడు ఆ చీపురు దగ్గరికి వద్దాం. మా కొండ మీద ఒక పువ్వు మీ ఇల్లు ఊడుస్తోంది. అదే పువ్వుతో మేం ఇప్ప చెట్టు కింద నేల ఊడుస్తున్నాం, నిప్పు పెట్టకుండా. అగ్గిపుల్లతో పది నిమిషాల పని, చీపురుతో ఒక పూట పని. ఆ రెండిటి మధ్య తేడా ఎంతో నాకు మూడేళ్ల కాపు, ఒక తేనెపట్టు ఖర్చయ్యాక తెలిసింది. మీకు ఈ వీడియోతో తెలిస్తే చాలు.

ఈ వారం మీ దగ్గర పూసిన ఒక్క చెట్టు కిందకు వెళ్లండి. పైకి చూసి ఒక ఫొటో, కిందకు చూసి ఒక ఫొటో. రెండోదే ముందు పంపండి. దాని పిల్ల ఎక్కడైనా కనబడిందా అనేది కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మా పనస చెట్టు గురించి మాట్లాడుకుందాం, అప్పటికి కాయలు దిగుతాయి. ఉంటాను. అమ్మమ్మ పిలుస్తోంది, చీరలు ఎత్తాలి.